ఆఖరి పది నిమిషాల డీజిల్

ఆత్మకూర్ దగ్గర వాగు ఒడ్డున మా బాపుకు రెండెకరాల పల్లి చేను ఉండేది. దానికి నీళ్లు పెట్టేది నాకన్నా వయసులో పెద్దదైన డీజిల్ ఇంజన్. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు డీజిల్ కొనలేక సతమతమవుతుంటే, కానుగ గింజల నూనెతో నడుపుదామని నేనే ఎగిరాను. దీపానికి పనికొచ్చే నూనె ఇంజన్‌కు పనికిరాదా అని నా తెలివి.

ఆ ఇంజన్‌ను ఏళ్లుగా బాగుచేసే మేస్త్రీ చాచా, బాపుకు ప్రాణస్నేహితుడు. ఆయన వద్దనలేదు, నడుస్తుందని బాపుకు మాట కూడా ఇచ్చాడు. డీజిల్‌కొకటి, నూనెకొకటి రెండు డబ్బాలు కట్టి మధ్యన ట్యాపు బిగించాడు. అమ్మ పాత నారాయణపేట చీరను నాలుగు మడతలు వేయించి నూనె వడగట్టించాడు.

"జర యాదుంచుకో బిడ్డా. డీజిల్ మీద స్టార్ట్ చెయ్యాలె, వేడెక్కినంక నూనెకు తిప్పాలె. బంద్ చేసే ముందర మళ్ల పది నిమిషాలు డీజిల్ తాపాలె. నూనె లోపల్నే సల్లవడితె బంకైతది."

నెలరోజులు బుద్ధిగానే చేశాను. ఒకరోజు బస్సుకు టైమైందని ఆ పది నిమిషాలు ఎగ్గొట్టాను. మర్నాడు ఇంజన్ మామూలుగానే లేచింది. ఇంకేం, అదే అలవాటు చేసుకున్నాను. సరిగ్గా కాయ ఊరే వేళకు నల్లటి పొగ కక్కి, ఇంజన్ పట్టేసింది. అది బాగయ్యేసరికి చేను ఎండిపోయింది.

"నీ మాట పట్టుకొని మునిగిన భాయ్!" అని బాపు చాచా మీద అరిచాడు.

చాచా ఇంజన్‌లోకి నూనె చిమ్మే నాజిల్ విప్పి, అందులోని బంకను వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బంద్ చేసేటప్పుడు డీజిల్ తాపినవా?"

"తాపిన" అన్నాను.

ఆయనకు అర్థమైంది. నా ముఖంలోకి చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "గట్లయితె తప్పు నాదేనన్నా" అన్నాడు బాపుతో.

బాపు మళ్లీ ఆయనను పిలవలేదు. ఇద్దరూ కలిసి చాయ్ తాగడమూ ఆగిపోయింది. తర్వాత చేనుకు కరెంటు మోటరు వచ్చింది, ఇంజన్ మూలన పడింది. నా సిగ్గు మాత్రం ఎటూ పోలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను.

పోయినేడు చాచా చనిపోయాడు. బాపు మట్టి ఇవ్వడానికి పోయివచ్చి వాకిట్లో కూర్చున్నాడు. కాళ్లకు నీళ్లు పోస్తుంటే అన్నాడు:

"మంచోడే పాపం. గని గా ఇంజన్ పనే సరిగ రాకపాయె."

నేను ఇంకో చెంబు నీళ్లు పోశాను.