పైగదిలో దాచిన కుక్కపిల్ల

ఏళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. అసలు నేను వాగుడుకాయని. పార్లర్‌లో కస్టమర్ల కనుబొమ్మలు తీర్చుతూ మా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాను. ఇదొక్కటే ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో ఉత్తరాదిన, జనక్‌పురిలో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. కింద ఆంటీ, ఇంకా టీకాలు పూర్తికాని ఆమె కుక్కపిల్ల బన్నీ. రోజూ పొద్దున్నే ఆంటీ గల్లీలో కుక్కలకు పాలూ రొట్టెలూ పెట్టేది. కుక్కల్ని అమ్మే దుకాణాలంటే మాత్రం ఆమెకు ఒళ్లుమంట. జాలిపడి జబ్బు కుక్కను కొన్నా దుకాణంవాడికి అది బేరమే, ఆ బోనులోకి ఇంకోదాన్ని తెస్తాడు అనేది.

మా పార్లర్ పక్కనే అలాంటి దుకాణం ఉండేది. ఒకరోజు బోనులో ఒక కుక్కపిల్ల తన వాంతిలోనే పడుకుని ఉంది. తల కూడా ఎత్తలేదు. తక్కువకే ఇస్తాను, తీసుకుపొమ్మన్నాడు దుకాణంవాడు. కొనేశాను. జాలేనా? జాలే. కానీ నేనెప్పటికీ కొనలేని జాతికుక్క ఇంత చవగ్గా దొరికిందన్న సంబరం లోపలెక్కడో లేదా? ఉంది.

దుపట్టాలో చుట్టి, ఆంటీ కంటపడకుండా పైకి తీసుకెళ్లాను. తెల్లారేసరికి చనిపోయింది. అది పడుకున్న గుడ్డలు కింద కొళాయి దగ్గర ఉతికాను. బన్నీ ఆడుకునేది అక్కడే.

కొద్దిరోజులకే బన్నీకి వాంతులు మొదలయ్యాయి. ఈ అంటుజబ్బు బయటి కుక్కల నుంచి, చేతుల ద్వారా, చెప్పుల ద్వారా కూడా వస్తుందన్నాడు డాక్టరు. బన్నీ దక్కలేదు.

"నేనే తెచ్చానే బేటా," అంది ఆంటీ. "గల్లీ కుక్కల్ని ముట్టుకుని, ఆ చేతుల్తోనే దీన్ని ఎత్తుకున్నా."

"అలా అనకండి ఆంటీ."

"మరి ఇంకెలా వస్తుంది? నువ్వే చెప్పు."

"ఏమో... గాలికి కూడా వస్తుందేమో."

"అచ్ఛా! మీ పార్లర్‌లో డాక్టరీ కూడా నేర్పుతున్నారా?" అంటూనే ఏడ్చేసింది.

ఆ తర్వాత కుక్కలకు పెట్టడం మానేసింది. అవి వచ్చి గేటు దగ్గర నిలబడేవి. తరిమేసి, లోపలికొచ్చి కళ్లు తుడుచుకునేది. నేను మెట్ల మీద నుంచి చూస్తూ ఉండేదాన్ని. ఒక్క మాట చెబితే చాలు కదా, ఎందుకు చెప్పలేదు? గది పోతుందనా? కాదు. ఇంత పెద్ద ఊళ్లో "తిన్నావా?" అని నన్ను అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ అడగడం ఆగిపోతుందని.

దుకాణంలో అదే బోనులోకి ఇంకో పిల్ల వచ్చింది. దాని కళ్లు కారుతున్నాయి. నేనిచ్చిన డబ్బుతోనే తెచ్చాడేమో. తల తిప్పుకుని పనికి వెళ్లిపోయాను.

ఇప్పుడు గురుగ్రామ్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆంటీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. కుక్కల మాట ఎత్తదు. నేనూ ఎత్తను. ఆమె ఇలాంటివి చదవదు. అది తెలిసే, ఆ ధైర్యంతోనే రాస్తున్నానని కూడా నాకు తెలుసు. క్షమాపణ అడిగే ముఖం లేదు. అయినా ఇంత దాకా రాసేసరికి ఊపిరి కాస్త బాగా అందుతోంది.

ఆంటీ, ఆ జబ్బు మీ చేతుల్తో రాలేదు. నేను కొని తెచ్చాను.