కల్లంలో చెప్పులు

మా ఇంటి పసుపు కల్లంలోకి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టకూడదు. పసుపు లక్ష్మి కదా. ఈ కట్టుబాటు మా అత్తమ్మది. నేను ఆర్మూరు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె మెల్లగా చెప్పేది. పెత్తనం నా చేతికి వచ్చాక నేను అరిచి చెప్పడం మొదలుపెట్టాను. ఉడికిన కొమ్ములు ఎండినన్ని రోజులూ గేటు దగ్గర విప్పిన చెప్పుల వరుస చూసుకుంటూ తిరగడం నాకు భలే ఇష్టంగా ఉండేది. నా నోరు పెద్దదని ఊళ్లో అందరూ అంటారు. చాలాకాలం అది పొగడ్తే అనుకున్నాను.

ఆ నోటితో ఒక మనిషిని అన్న మాటల గురించి రాస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు. సిగ్గు.

ఆమె మా పక్క వాడలో ఉంటుంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పసుపు తవ్వకాలు మొదలైతే ఏడెనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా పనికి వచ్చేది, మిగతా రోజుల్లో ఇంట్లో బీడీలు చేసేది. కొమ్ము ఒక పక్కకు, మండ అనే గుండ్రటి తల్లిదుంప ఒక పక్కకు వేరు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఎండిందీ ఎండనిదీ విరిచి, ఆ చప్పుడు విని చెప్పేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పదేళ్లు అలా గడిచాయి.

మూడేళ్ల కిందట ఒక పొద్దున ఆమె కుంటుకుంటూ వచ్చింది. గేటు దగ్గర చెప్పులు విప్పలేదు.

"చెల్లె, మడిమెల పోట్లు పొడుస్తున్నయి. గీ చెప్పులు బోరు కాడ మంచిగ కడుక్కొచ్చిన. జర ఏస్కొనే చేస్త," అంది.

మిగతా ఆడవాళ్లు వింటున్నారు. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారని నా భయం.

"పసుపు మీద చెప్పులేంది అక్కా? కాళ్లు నొస్తే ఇంట్ల కూసొని బీడీలు చేస్కో. గీడికి ఎవలు రమ్మన్నరు?" అన్నాను.

ఆమె వెనక్కి వెళ్లి, చెప్పులు అందరి చెప్పుల పక్కన విప్పి వచ్చింది. మా కల్లం సిమెంటుది. పొద్దంతా దాని మీద ఉత్త కాళ్లతో నిలబడింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మధ్యాహ్నానికి ఆమె మామూలుగా నడవడం నా కంట్లో పడింది. మర్నాడు పొద్దున మళ్లీ కుంటుతూ వచ్చింది, పదకొండయ్యేసరికి ఏమీ లేదు. సద్ది తిని లేచినప్పుడు మళ్లీ నాలుగడుగులు కుంటింది. నాకు దొంగ దొరికినట్టే అయింది. అందరూ కూర్చుని తింటుంటే, "మా అక్క నొప్పికి గడియారముంది. పనికి వచ్చేటప్పుడు లేస్తది, ఇంటికి పోయేటప్పుడు పంటది," అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను నేను.

మడమకు గుడ్డ చుట్టుకుని ఆ ఏడు పనంతా చేసి వెళ్లింది. పైయేడు రాలేదు. ముఠాను ఇంకొకామె తెచ్చింది. కబురు పంపినా రాకపోయేసరికి, ఎంత పొగరు అనుకున్నాను.

నిరుడు వానాకాలంలో నా వంతు వచ్చింది. పొద్దున మంచం దిగి కుడికాలు మోపానో లేదో, మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లాను. చాయ్ పెట్టి, వాకిలి ఊడ్చేసరికి తగ్గిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. చాయ్ తాగి లేచేసరికి మళ్లీ మొదలు. నెల రోజులు ఇదే తంతు. "నడిస్తే తక్కువైతుంది గద, ఇంకింత నడువు," అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. నా నొప్పిని నమ్మలేదని అంత కోపం వచ్చింది. అంత కోపంలోనూ నాకు ఆమె గుర్తు రాలేదు, చూడండి.

ఆర్మూరులో ఎముకల డాక్టరు మడమ కింద బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. ఆయన మూడు ప్రశ్నలు అడిగాడు. పొద్దున లేవగానే మొదటి అడుగు నొస్తుందా? కాసేపు తిరిగితే తగ్గుతుందా? కూర్చుని లేస్తే మళ్లీ నొస్తుందా? మొదటి రెండింటికి తలూపాను. మూడోదానికి తలూపుతుంటే ముఖమంతా వేడెక్కింది. సద్ది తిని లేచి నాలుగడుగులు కుంటిన మనిషి అప్పుడు గుర్తొచ్చింది.

"గీ నొప్పి గుణమే అది. అరికాలి కింద పొర వాసింది. గట్టి నేల మీద ఉత్త కాళ్లతోని నడువొద్దమ్మా, ఇంట్ల గూడ," అన్నాడు ఆయన. ఆ మాట నాకు చెప్పడానికి ఒక డాక్టరు కావలసి వచ్చింది.

అయినా బుద్ధి ఒక్కసారిగా వస్తుందా? ముందు నా కాలి సంగతి చూసుకున్నాను. బజారులో వేలు పెడితే దిగబడేంత మెత్తటి స్పాంజి చెప్పులు కొన్నాను. వారానికే మడమ దగ్గర అణిగిపోయి, నొప్పి రెండింతలైంది. ఇంకో దుకాణాయన ఒక జోడు చేతిలో పట్టుకుని నడుమ వంచి చూపించాడు. వంగలేదు. "మెత్తగుంటే సాలదమ్మా. గీడ మడిమె కుదురుగ కూసోవాలె, గీడ అరికాలు గుంతకు జర ఎత్తుండాలె," అన్నాడు. వేసుకుంటే మొదట రెండు రోజులు పాదం కింద ఏదో అడ్డం పడ్డట్టు అనిపించింది, తర్వాత అలవాటైంది. పొద్దున మంచం దిగకముందే తువ్వాలు పాదానికి వేసి వేళ్లను నా వైపు లాక్కోవడం, గోడకు రెండు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి చాపి, మడమ లేవకుండా పిక్క సాగేదాకా నిలబడడం, మంచు కట్టిన నీళ్ల సీసా అరికాలి కింద దొర్లించడం కూడా డాక్టరు చెప్పినవే. "గోడను ఎటు నూకుతున్నవ్ బిడ్డా?" అని అత్తమ్మ రోజూ అడిగేది.

ఈ ఏడు పసుపు కల్లానికి వచ్చింది. నేను ఆ చెప్పులు సబ్బు పెట్టి కడుక్కుని, వేసుకునే లోపలికి వెళ్లాను. ఎవరైనా అడిగితే డాక్టరు చెప్పాడని పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకసారి నా కాళ్ల వైపు చూసి, పనిలో పడ్డారు. వాళ్లవన్నీ ఉత్త కాళ్లే. ఎవరైనా ఒక మాట అని ఉంటే నోరు చేసుకుని గెలిచేదాన్ని.

సాయంత్రం అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. "కల్లంల చెప్పులతోని తిరిగిన, ఏమనుకోకు," అన్నాను.

"నొస్తే ఏస్కోవాలె గద. నా మోకాళ్లు నొచ్చిననాడు గోనె సంచి పరుసుకొని చేసిన. నిన్నెవలన్న వద్దన్నరా?" అంది.

ఆమె కట్టుబాటు అని నేను అన్నాళ్లు అరిచింది, నిజానికి నా కట్టుబాటే. మర్నాడు కడిగిన చెప్పులతో ఎవరైనా రావచ్చని చెప్పాను. అది చెప్పడం తేలికే. చెప్పవలసిన మనిషి అక్కడ లేదు.

ఆర్మూరు వెళ్లి అదే దుకాణంలో అలాంటిదే ఇంకో జోడు కొని, పక్క వాడకు వెళ్లాను. ఆమె గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నేను చెప్పులు బయట విప్పి లోపలికి అడుగు వేశాను. బండల నేల తగిలి మొహం చిట్లించి ఉంటాను.

"గట్లనే ఏస్కొని రా చెల్లె. బండలు సల్లగుంటయి, నీకు పొడుస్తది," అంది.

నా మడమ సంగతి ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. నేను మళ్లీ చెప్పులు వేసుకోలేకపోయాను. తెచ్చిన జోడు ఆమె ముందు పెట్టాను. వేసుకుంటే మడమ సగం చెప్పు దాటి వెనక్కి వచ్చింది. పదేళ్లు మా కల్లంలో తిరిగిన పాదాలు. ఎంత ఉంటాయో చూడనేలేదు, నా కొలతకు కొనుక్కొచ్చాను.

"మారుస్తడు అక్కా. ఎల్లుండి ఇద్దరం పోదాం," అన్నాను. సరే అంది. తర్వాత గోడ పట్టుకుని పిక్క సాగదీయడం చూపించాను. చాట పక్కన పెట్టి లేచింది. మొదటి రెండడుగులు కుంటింది. మూడేళ్లయినా నొప్పి పోలేదు. ఇద్దరం గోడకు చేతులు ఆనించి నిలబడ్డాం.

"గిది గప్పుడే నీకు ఎరుకుంటే చెప్పేదానివి. ఎరుక లేకపాయె," అంది.

నాకు తప్పించుకునే దారి ఆమే చూపిస్తోంది. అవునని తలూపితే సరిపోయేది.

"ఎరుక లేక కాదు అక్కా. నొస్తుందని నువ్వు చెప్పినవ్. నేను నమ్మలే," అన్నాను.

ఆమె కాలు మార్చుకుంది. రెండో మడమ నేలకు ఆనించి చూసుకుంది.

"నమ్మలేదని నాకు గానాడే ఎరుక," అంది.