దొరసానికి కట్టిన ఇల్లు

వీధిలో అందరూ ఆయన్ని పాలిషాయన అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఫర్నిచర్ షాపు వెనక రేకుల షెడ్డులో మంచాలకీ, బల్లలకీ, బీరువాలకీ వార్నీషు పూయడమే ఆయన పని. గోళ్ల చుట్టూ పట్టిన పసుపురంగు ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ తళతళలాడించిన ఆ మహానుభావుడి ఇంట్లో మాత్రం మెరిసే చెక్క ఒక్కటీ లేదు. భార్య అడిగినప్పుడల్లా ఆదివారం చూద్దాం అనేవాడు. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

భార్యకి నడుం కింద చచ్చుబడి రెండేళ్లయింది. మొదటి ఏడాదంతా ఏడ్చింది. తర్వాత ఏడవడం కూడా మానేసి గోడకేసి చూస్తూ పడుకునేది. ఆయనకి అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఇంతలో ఆమె చెల్లెలు, ఇల్లు మారుతూ వదిలించుకోవడానికే తెచ్చిందో, అక్క మీద ప్రేమతోనే తెచ్చిందో గానీ, ఒక తెల్ల కుందేల్ని మంచం పక్కన దించి వెళ్లిపోయింది.

ఎవరినీ లెక్కచేయకుండా గదంతా తిరిగే దాని తీరు చూసి ఆమె దొరసాని అని పేరు పెట్టింది. దొరసానికి ఊరికే కూర్చుంటే తోచదు. తోచకపోతే దుప్పటి అంచు కొరికేది. కుందేలు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయట, దేన్నో ఒకదాన్ని కొరికి అరగదీసుకోక తప్పదు. పాలిషాయన అట్టగొట్టాల్లో ఎండుగడ్డి కూరి ఇచ్చాడు. పాత డబ్బా నిండా కాగితం ముక్కలు పోసి పెడితే రెండు కాళ్లతో తవ్వి గదంతా చిమ్మేది. షెడ్డు నుంచి తెచ్చిన చెక్కబిళ్లని పళ్లతో పట్టుకుని విసిరేది. మంచం మీదికి వచ్చి పడితే ఆమె తిరిగి విసిరేది. అలా ఆడుతూ ఆడుతూ సంతోషం పట్టలేక ఒకరోజు దొరసాని ఉన్నచోటే గాల్లోకి ఎగిరి, తల ఒక పక్కకీ నడుం ఒక పక్కకీ తిప్పి దిగింది. ఆమె పకపకా నవ్వింది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న ఆయన ఆ నవ్వు విని ఒంటి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ నవ్వు కోసమే ఆయన బతుకు. మిగిలిపోయిన టేకు ముక్కలు పోగేసి, రెండు గుమ్మాలతో, పైకి ఎక్కడానికి వాలుబల్లతో దొరసానికి ఒక ఇల్లు కట్టాడు. షెడ్డులో వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పూత లేకుండా పచ్చి చెక్కనే పట్టుకెళ్తావా బావా? నీ చేతి పని అని మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఆ మాటకి ఆయనకి తల కొట్టేసినట్టయింది. వార్నీషు రెండు పూతలు పూశాడు. మూడు రోజులు ఎండలో ఆరబెట్టాడు. నాలుక ఆనించి చూస్తే ఏ రుచీ తగల్లేదు. ముప్పై ఏళ్ల అనుభవం కదా, అదే చాలనుకున్నాడు.

"మెరుస్తోందేంటండీ? అది నోట్లో పెట్టుకునేదానికి ఏం పూశారు?" అంది భార్య.

"తేనె మైనం రుద్దాను. అంతే."

ఆమె వంగి వాసన చూసి నమ్మింది. దొరసాని ఒక గుమ్మంలో దూరి రెండో గుమ్మంలోంచి దూకింది, గాల్లో మెలితిరిగింది. ఆ సాయంత్రం ఆమె నవ్వినంతగా పెళ్లయిన కొత్తలో కూడా నవ్వలేదు. దొరసాని వాలుబల్ల అంచు కొరుకుతూనే ఉంది.

రెండో రోజు పొద్దున్నుంచి అది మేత ముట్టలేదు. మూలన ముడుచుకుని పళ్లు పటపటా నూరుతోంది.

"ఆ ఇల్లు కొరికినందుకేమోనండీ."

"మైనం ఏం చేస్తుంది? రేపటికి అదే సర్దుకుంటుంది."

ఒక్క మాట నిజం చెప్పి, దాన్ని సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సినవాడు. అబద్ధం బయటపడుతుందని ఆ రోజంతా ఊరుకున్నాడు, దద్దమ్మ.

మర్నాడు పశువుల డాక్టరు దాని పొట్ట తడిమి, ఆయన గోళ్లకేసి చూసి, వార్నీషా అని అడిగాడు. ఆయన తలూపాడు.

"నిన్న తెచ్చుంటే చూసేవాణ్ణి. కుందేలు ఒక పూట తినకపోయినా ప్రమాదమే" అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చేలోపే సంచీలో అది చల్లబడిపోయింది.

మంచం పక్కన నేల మీద కూలబడి ఆయన అంతా చెప్పేశాడు. ఆమె తిడుతుందని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"వాసన చూశాను కదండీ. నాకేం తేడా తెలీలేదు" అంది ఆమె. "ముప్పై ఏళ్లుగా మీ ఒంటి మీద ఆ వాసనే కదా. మన ఇంటి వాసనే అనుకున్నాను."

ఆయన గరుకు కాగితం తీసుకుని ఆ చెక్క ఇంటిని రుద్దడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా రుద్దాడు. మెరుపంతా పోయి, పచ్చి చెక్క తేలాక, ఎండుగడ్డి పరిచి దొరసానిని అందులో పడుకోబెట్టాడు. పాతిపెట్టే ముందు ఒకసారి చూస్తుందేమోనని మంచం దగ్గరికి తెచ్చాడు. ఆమె ఆ గరుకు చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇలాగే తెచ్చుండాల్సింది" అంది. తర్వాత గోడ వైపు తల తిప్పుకుంది.