ఇనుప పడవలో మా కాపురం

మా అబ్బాయి వెలిమెల దగ్గర కొత్త అపార్ట్‌మెంటులో చేరినప్పటి నుంచి సాయంత్రాలు నన్ను కింద తోటలో తిప్పడం కోడలి పనైంది. అక్కడ గేటు పక్కన పచ్చికలో ఒక పాత ఇనుప పడవను అలంకారంగా నిలబెట్టి, నీలం రంగు వేసి, కడుపునిండా బంతి మొక్కలు నాటారు. మొన్న దాన్ని దగ్గరగా చూసి ఆగిపోయాను. వంగి, వేలి మెటికలతో అడుగురేకు మీద కొట్టి చూస్తే మొద్దుగా పలికింది. తుప్పు గీకకుండానే రంగు పులిమినవాడి చేతులు పడిపోను అని నేను తిట్టుకుంటుంటే కోడలు నవ్వి, “పడవల సంగతి నీకెట్ల తెలుసు అత్తమ్మా?” అంది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా! నేను కాపురం మొదలుపెట్టిందే పడవలో.

మన ఈడువాళ్లకు చెబితే నమ్ముతారు గానీ ఇప్పటి పిల్లలకు చెబితే కథలల్లుతున్నానంటారు. మా అత్తగారి ఊరు సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ దిక్కున. ఇల్లు చిన్నది, సంసారం పెద్దది. బావలు, తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు, మేకలు అందరూ పోగా కొత్తగా పెళ్లయిన మాకు మిగిలింది వడ్ల గుమ్మి పక్కన చాప పరిచేంత జాగా. మొగుడితో మనసులో మాట చెప్పుకోవాలంటే చేను దాకా నడవాల్సిందే. మా ఆయన అప్పట్లో పటాన్‌చెరులో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని చేసేవాడు. ఒక కంపెనీవాళ్లు మంజీర నది నీళ్లు తోడుకోవడానికి వెడల్పాటి ఇనుప పడవ మీద ఇంజను, పంపు బిగించారనీ, దాన్ని చూసుకునే మనిషికి అందులోనే రేకుల గది ఇస్తారనీ తెలియగానే, తనకు ఈత రాదన్న ముక్క మింగేసి ఆ పని పట్టుకొచ్చాడు. నాకు మాత్రం పండగైంది. మా అత్తమ్మ మొగం మాడ్చుకుంది. “నీళ్ల మీద కాపురమేందిరా? వానలు పడ్డంక నేనే వస్త, సూస్త. జెర బుగులనిపించినా కోడల్ని తోలుకొస్త, నువ్వొక్కనివే ఉండు గాడ” అని తేల్చేసింది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. అంటే ఆ పడవ నిలిస్తే నాకంటూ ఒక పొయ్యి, ఒక తలుపు, పక్కన మొగుడు. నిలవకపోతే మళ్లీ గుమ్మి పక్కన చాప, అదీ ఒంటరిగా.

అందుకే దాన్ని చంటిపిల్లలా చూసుకున్నాను. ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సానుపు చల్లితే, నేను అడుగుచెక్కలు ఎత్తి కింద ఊరిన నీళ్లను డబ్బాతో తోడి పోసేదాన్ని. ఆ నీళ్లు ఏ రోజైనా ఎక్కువైతే ఎక్కడో చిల్లి పడిందని అర్థం. మెటికలతో రేకంతా కొట్టుకుంటూ పోతే పలచబడ్డ చోట పగిలిన కుండలా పలికేది. అక్కడ గోనెపీచును బట్టలసబ్బుతో పిసికి కూరితే ఎండాకాలం దాకా చుక్క కారేది కాదు. ఎండలు ముదిరి, నీళ్లు వెనక్కి పోయి, పడవ బురదలో కూలబడ్డాక మా అసలు చాకిరీ మొదలయ్యేది. అడుగంతా ఇనుప బ్రష్షుతో గీకి, ఎర్రరంగు పూసి, అది ఆరాక కాచిన డాంబరు పట్టించేవాళ్లం. ఆ వాసన తలలోంచి పోవడానికి ఎన్ని కుంకుడుకాయలు కొట్టానో నాకే తెలుసు. పడవ ఊగినా ఒలకకుండా కిరసనాయిలు పొయ్యిని ఇసుక పోసిన డబ్బాలో కుదురుగా పెట్టి వండేదాన్ని. పంపు జాలీకి గుర్రపుడెక్క చుట్టుకుంటే కొక్కెంకర్రతో లాగేదాన్ని గానీ నీళ్లలో చెయ్యి పెట్టేదాన్ని కాదు, ఎందుకంటే ఎదుటి దిబ్బ మీద మొసళ్లు ఎండ కాగుతూ మా ఇంటి వంక తీరిగ్గా చూస్తుండేవి. వాటికి భయపడి మా కోళ్లు కూడా బుద్ధిగా పడవ దాటేవి కావు.

ఆ మొదటి ఏడు వానలు మొదలయ్యాయి. అన్నట్టే అత్తమ్మ ఒకనాడు పొద్దున సద్దిమూటతో దిగింది. ఇక్కడే మా ఆయన తెలివి చూడాలి. మా పడవకు నడినీళ్ల వైపు ఒక గొలుసు ఉండేది. దాని రెండో కొస నీటి అడుగున ఉన్న సిమెంటు దిమ్మకు. నీళ్లు పెరిగితే పడవ పైకి లేవడానికి ఆ గొలుసు ఎప్పుడూ కాస్త వదులుగా ఉండాలి. పడవ ఊగితే తల్లి జడుసుకుంటుందని ఈయన ముందురోజే ఆ గొలుసును లారీ మీద లోడు కట్టినట్టు బిగలాగి, మధ్యలో ఒక లంకెను పడవ అంచు కొక్కేనికి తగిలించాడు, మిగతా వదులంతా పడవలోనే కుప్పపడింది. అత్తమ్మ ఒడ్డు నుంచి బల్ల మీదుగా నడిచి లోపలికొచ్చి, కాలితో తొక్కి చూసి, “కదుల్త లేదు” అని కొంచెం చల్లబడింది. ఈయన మురిసిపోయి, అమ్మకు కూర తెస్తానని సంగారెడ్డికి పోయాడు.

పైన ఎక్కడో పెద్ద వానే పడ్డట్టుంది. మేము మాటల్లో ఉండగా నీళ్లు ఎర్రబడి పెరగసాగాయి. పడవ ఒడ్డు వైపు లేస్తోంది, గొలుసు పట్టిన వైపు లేవలేక కిందికి ఒరుగుతోంది. గిన్నెలు దొర్లాయి, కోళ్లు అరిచాయి, అంచు మీదుగా నీళ్లు లోపలికి దూకాయి. కొక్కెం దగ్గరికి పోయి లంకె లాగితే రాలేదు. గొలుసు అంత బిగుసుకుంది. ఆ వైపు ఇంకొంచెం కిందికి దిగితే తప్ప అది వదలదని నాకు అర్థమైంది. బియ్యం మూట, నీళ్ల డ్రమ్ము అటే దొర్లించాను. బరువు చాలలేదు. అత్తమ్మ అప్పటికే ఒక కాలు బల్ల మీద పెట్టి, “దిగి పోదాం పా పిల్లా, పానం కన్న ఎక్కువనా?” అని అరుస్తోంది.

నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. “నువ్వు దిగితె నా ఇల్లు మునుగుతదత్తమ్మా! గీ దిక్కుకు రా!” అని గద్దించాను. ఆమెను గద్దించిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

“మునిగే దిక్కుకే రమ్మంటవేందే!” అంది ఆమె. అని, ఒక్క చూపు ఒడ్డు వైపు చూసి, కాలు వెనక్కి తీసుకుంది. చీర గోచీ పెట్టి, రేకుల గది పట్టుకుని, జారుతూ జారుతూ నా పక్కకొచ్చి కూర్చుంది. నా భుజం గట్టిగా పట్టుకుంది. పడవ ఇంకొంచెం ఒరిగింది, మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి, గొలుసు సడలింది. లంకె ఊడదీశాను. పడవ ఒక్కసారిగా పైకి లేచి మా ఇద్దరినీ వెల్లకిలా పడేసి సమంగా నిలబడింది.

తర్వాత ఇద్దరం కలిసి నీళ్లు తోడాం, నేను డబ్బాతో, ఆమె అన్నం తపేలాతో. మా ఆయన కూర పట్టుకొచ్చి, తడిసిన తల్లినీ వదులైన గొలుసునూ చూసి బల్ల మీదే ఆగిపోయాడు. “లారీ అనుకున్నవారా? నీళ్లు పెరుగుతయన్న సోయి లేదా?” అని ఆమె అందుకుంది చూడండి, మొసళ్లు కూడా దిబ్బ దిగిపోయి ఉంటాయి! వండింది కడుపునిండా తిని, పొద్దు వాలకముందే సద్దిమూట సర్దుకుంది. వెళ్లబోతూ కొడుకుతో అంది, “కోడల్ని తోలుకపోను. ఆమె ఇల్లు ఆమె సూస్కుంటది.”

ఆ తర్వాత ఆమె చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒడ్డు మీదే ఆగి, “పిల్లా, రమ్మంటవా?” అని కేకేసేది. ఊళ్లో ఏ ఇంట్లోకైనా చెప్పులు విడిచి సరాసరి వంటింట్లోకి నడిచే మనిషి! కొన్నేళ్లకు కంపెనీవాళ్లు ఒడ్డునే పంపుహౌసు కట్టుకున్నారు, పడవను ముక్కలు కోసి తుక్కు కింద అమ్మేశారు, మేము పటాన్‌చెరు చేరాము. ఇప్పుడు అత్తమ్మా లేదు, మా ఆయనా లేడు.

నాకేం తక్కువ లేదు. కోడలు బంగారం. కుళాయి కారితే ఫోను చేస్తారు, ఎవరో వచ్చి బాగుచేసి పోతారు, ఇంటి అడుగున ఏముందో ఎవరూ పట్టించుకోనక్కరలేదు. తలుపుకు నా వేలిముద్ర కూడా ఎక్కించారు, వేలు ఆనిస్తే చాలు తెరుచుకుంటుంది. సుఖమే, కాదనను. కాకపోతే ఈ తలుపు దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, అదొక్కటే నాకు వెలితి. ఆ రోజుల్లో ఒడ్డు మీంచి ఆ కేక వినపడగానే డాంబరు చేతులు కొంగుకు తుడుచుకుని, “రా అత్తమ్మా” అంటూ బల్ల వేయడానికి పరుగెత్తేటప్పుడు, జిల్లా మొత్తంలో నా అంత ఇంటిది ఇంకొకతె లేదనిపించేది.