పిన్ని కంట్లో సముద్రం

ఈ ఉదయం పని మొదలుపెట్టగానే మానిటర్ మీద నల్లటి చుక్క ఒకటి కనిపించింది. ఒక స్వీట్ల దుకాణం వాళ్ళకి కొత్త సంవత్సరం క్యాలెండర్ చేస్తున్నాను. జనవరి నెల మీద లడ్డు, లడ్డు నెత్తిన చుక్క. మామూలు మనిషైతే చొక్కా అంచుతో తుడిచి ఊరుకుంటాడు. నేను తుడవలేదు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. కుర్చీ వెనక్కి జరిపి గోడ వంక, ఆ తర్వాత పైకప్పు వంక చూశాను. ఆఫీసులో ఎదురుగా కూర్చునే పెద్దాయన తనకే కన్ను కొడుతున్నాననుకుని, అదీ రెండు కళ్ళతో మార్చి మార్చి, కాసేపు ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయనకేం తెలుసు, ఇది మా ఇంటి ఆచారం. కొందరి ఇళ్ళల్లో తుమ్మితే ఆగుతారు. మా ఇంట్లో చుక్క కనిపిస్తే ఒక్కో కన్నూ మూసి చూసుకుంటాం. ఈ ఆచారం పెట్టింది మా పిన్ని.

పిన్ని గ్రాఫిక్ డిజైనర్. నేను తెనాలి నుంచి హైదరాబాద్‌కి యూనివర్సిటీలో ఎంఏ చదవడానికి వచ్చి, కొన్నాళ్ళు హాస్టల్ పప్పులో పప్పు కోసం వెతికి, విసిగి, "రెండు రోజులుంటాను" అని తార్నాకలో పిన్ని వాళ్ళ ఫ్లాటులో దిగాను. ఆ రెండు రోజులు రెండేళ్ళు పట్టాయి. బాబాయి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగి. ఆయనది జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం, మాది పంతుళ్ళతోను పాస్టర్లతోను నిండిపోయిన చర్చి కుటుంబం. ఇద్దరూ క్యాంపస్‌లో చదువుకునేటప్పుడు కలిశారు. పెళ్ళప్పుడు రెండు వైపుల వాళ్ళూ సమానంగా అలిగారు కాబట్టి పేచీ లేకపోయింది. పిన్ని కుడి కన్ను చిన్నప్పటి నుంచీ బద్ధకపు కన్ను. దానికి వెలుగూ చీకటీ తప్ప మిగతా లోకంతో పెద్దగా పరిచయం లేదు. అచ్చు పనీ రంగుల పనీ అంతా ఎడమ కంటి మీదే నడిచేది. "ఒక్కటి పనిచేస్తుంది, ఒక్కటి తోడుగా కూర్చుంటుంది. మీ బాబాయీ నేనూ లాగా," అనేది. ఎవరు ఏ కన్నో మాత్రం చెప్పేది కాదు.

డబ్బులొచ్చే పని, అంటే శుభలేఖలు, పుస్తకాల అట్టలు, స్కూళ్ళ వార్షికోత్సవాల ఆహ్వానాలు, ఏడాది పొడుగునా ఉండేది. అది కాక కాలానికొక సొంత పని పెట్టుకునేది. దానికి రూపాయి రాదు, పైగా పోతుంది. ఎండాకాలం క్యాంపస్ గేటు దగ్గర చలివేంద్రం కుండల మీద సున్నంతో అక్షరాలు రాసేది. ఒక ఏడాది "చల్లగా తాగండి, గ్లాసు ఇక్కడే పెట్టండి" అని రాస్తే, అక్షరాలు ఎంత బాగా కుదిరాయంటే, ఎవరో కుండ ఎత్తుకెళ్ళి గ్లాసు మాత్రం అక్కడే పెట్టారు. వానాకాలం హబ్సిగూడ వైపు సందులో గుంతలకు బోర్డులు. "నేను లోతుగా ఆలోచిస్తున్నాను, పక్కనుంచి వెళ్ళండి" అని ఒక గుంత తరఫున రాసింది. ఆ బోర్డు చదవడానికి ఆగి ఒకాయన స్కూటర్‌తో సహా పక్క గుంతలో పడ్డాడు. ఇక చలికాలం వచ్చిందంటే క్రిస్మస్ నక్షత్రం. వెదురు బద్దలతో, పల్చటి కాగితంతో, మనిషంత నక్షత్రం కట్టి బాల్కనీకి వేలాడదీసేది. ఏడాదికో రంగు, ఒక్కటే రంగు.

ఆ రంగు సముద్రం నుంచి వచ్చేది. కొత్త సంవత్సరం ఆరాధన అయిన వారంలో పిన్నీ బాబాయీ, నేను వచ్చాక నేనూ, రైలెక్కి బాపట్లలో దిగి, ఆటోలో సూర్యలంక వెళ్ళేవాళ్ళం. సరుగుడు తోటల పక్కన రెండు గదుల అద్దె ఇల్లు, చేపల పులుసు, చెప్పుల్లో ఇసుక. అక్కడ పిన్ని పెన్ను ముట్టేది కాదు, ఫోన్ తీసేది కాదు. తెల్లవారకముందే వెళ్ళి ఇసుకలో కూర్చుని, సూర్యుడు పైకొచ్చేదాకా నీళ్ళనే చూసి, ఏదో ఒక క్షణంలో "ఇదే" అనేది. అంతే, వచ్చే డిసెంబరు నక్షత్రానికి రంగు ఖాయం. ఒక ఏడాది తడిసిన పలక రంగు, ఒక ఏడాది పీత డిప్ప లోపలి తెలుపు. ఫొటో తీసుకోవచ్చు కదా అంటే, "ఫొటో అబద్ధాలు చెప్తుందిరా, నా కన్ను చెప్పదు," అనేది.

ఆ కన్నే అబద్ధాలు మొదలుపెట్టింది. నేను ఎంఏ రెండో ఏడాదిలో ఉన్నప్పటి మాట. చర్చి వాళ్ళ క్రిస్మస్ కార్డులు అచ్చయి వస్తే, పిన్ని ఒకటి చూసి, ఇంకోటి చూసి, ప్రెస్సాయనకు ఫోన్ చేసింది. "ఆకాశం నిండా నల్ల చుక్కలేంటండీ? నేను నక్షత్రాలు తెల్లగా ఇచ్చానే!" పాపం ఆయన పరుగున వచ్చి, భూతద్దం పెట్టి వెతికి, "ఏం లేవు మేడమ్" అంటూనే భయానికి అన్నీ మళ్ళీ అచ్చువేసి ఇచ్చాడు. వాటిలోనూ చుక్కలే. పిన్ని మానిటర్ మార్చింది, దాంట్లోనూ చుక్కలే. మచ్చ కాగితం మీద వెతకడం, యంత్రంలో వెతకడం, పక్కవాడి పనిలో వెతకడం మా వృత్తి ధర్మం. కంట్లో వెతకాలని ఏ డిజైనర్‌కూ తోచదు. చివరికి ఇంట్లో దోమలున్నాయని తేల్చింది. బాబాయి దోమల బ్యాట్ కొనుక్కొచ్చి, ఆమె చూపించిన చోటల్లా గాలిలో ఊపేవాడు. ఒక్కసారీ టప్పుమనలేదు. "ఏందే, నాకైతే ఒక్కటి గూడ కనవడ్తలేదు. నువ్వు జూపియ్యి, నేను గొడ్త," అనేవాడు ఆయాసపడుతూ. "క్యాంపస్ దోమలు బాబాయీ, క్లాసుకే దొరకవు, నీకు దొరుకుతాయా!" అనేవాణ్ణి నేను. ఒక సాయంత్రం, ఆకాశంలో మబ్బు తునక లేని డిసెంబరులో, "మెరుపు మెరిసిందిరా, బట్టలు తియ్యి," అంది పిన్ని. నవ్వుకుంటూ వెళ్ళి తీశాను. ఎలాగూ ఆరిపోయాయి.

జనవరిలో సూర్యలంక వెళ్ళాం. ఆ ఉదయం పిన్నికి రంగు కుదరలేదు. సూర్యుడు వచ్చాడు, పడవలు వెళ్ళాయి, ఇసుక వేడెక్కింది, బాబాయి టిఫిను కోసం వెళ్ళాడు, పిన్ని మాత్రం కదల్లేదు. "ఆగు, కింద మబ్బు పడుతోంది," అంది. ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. మబ్బెక్కడ అన్నాను. "సముద్రం మీదేరా. కింది నుంచి పైకి లేస్తోంది." మబ్బు కింది నుంచి లేవడం నేనెప్పుడూ వినలేదు. పిన్ని తల తిప్పి సరుగుడు చెట్ల వైపు చూసింది. మబ్బు అక్కడికీ వచ్చినట్టుంది. నా వైపు తిరిగింది. అప్పుడు, మెల్లగా, కుడి కన్ను అరచేత్తో మూసుకుంది.

"నీ మొహం సగం లేదురా," అంది.

"ఉన్న సగం బాగుందా?" అన్నాను, అలవాటు కొద్దీ.

నవ్వలేదు. చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. "ఇంకేదన్నా వాగరా. భయమేస్తోంది," అంది.

నాకు అప్పటిదాకా నోట్లోంచి మాట రాని రోజంటూ లేదు. మా తాతయ్య సమాధి కార్యక్రమంలో కూడా ఏదో అని వీపు మీద దెబ్బ తిన్నవాణ్ణి. ఆ రోజు మాత్రం నోరు తెరిస్తే ఉప్పు గాలే లోపలికి వెళ్ళింది. సముద్రం అంత చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మా అందరి కంచాల్లోకీ కూడు తెచ్చే కన్ను, రంగులు ఎంచే కన్ను, ఆ ఒక్కటే ఉన్న కన్ను, నేను చూస్తుండగానే ఆరిపోతోంది. నేను చెయ్యగలిగిందల్లా ఇడ్లీ పొట్లంతో వస్తున్న బాబాయి కోసం ఇసుకలో పరిగెత్తడం. ఇసుకలో ఎవరూ వేగంగా పరిగెత్తలేరు. కలలో పరిగెత్తినట్టే ఉంటుంది.

బాపట్లలో కంటి డాక్టరు లైటు వేసి చూసి, కంటి వెనకాల పొర చిరిగి ఊడి వస్తోందని, ఇవాళే హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెళ్ళమని, తల కదలకుండా చూసుకోమని చెప్పాడు. తల కదలకుండా రైల్లో వెళ్ళడమంటే నిండు కుండ నెత్తిన పెట్టుకుని గెంతడమే. దారి పొడుగునా బాబాయి ఆమె తలను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. యేసయ్యనూ కొమురెల్లి మల్లన్ననూ ఒకేసారి పిలుస్తున్నాడు, ఎవరు ముందొస్తే వాళ్ళు. కృష్ణ వంతెన దాటేటప్పుడు పిన్ని, "ఇప్పుడు ముక్కాలు వంతు మూసుకుపోయింది," అంది, వార్తలు చదివినట్టు. జన్మలో జోకు వెయ్యని బాబాయి, ఆమె తల వదలకుండానే, "బ్యాట్ తెచ్చుకునేదుండె," అన్నాడు. పిన్ని నవ్వింది. నవ్వితే తల కదులుతుందని ఇద్దరం కలిసి ఆమెను తిట్టాం.

ఆపరేషన్ అయింది. ఊడిన పొరను వెనక్కి అతికించి, అది పట్టుకునేదాకా నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి, అది కంటి వెనక్కి వెళ్ళాలంటే మనిషి నేలకేసి చూస్తూ ఉండాలి. తినడం, నిద్ర, ప్రార్థన అన్నీ బోర్లానే. తార్నాక ఫ్లాటులో పిన్ని మంచం చివర నుంచి మొహం వేలాడేసి పడుకుంటే, నేను లారీ కింద దూరిన మెకానిక్‌లా కింద వెల్లకిలా పడుకుని పేపరు చదివి వినిపించేవాణ్ణి. స్ట్రాతో టీ. ఆమె కన్నీళ్ళో, మందు చుక్కలో, నా నుదుటి మీద పడేవి. ఏవో నేనడగలేదు. చూపు వస్తుందా అంటే డాక్టరు, "బుడగ కరిగితే గానీ చెప్పలేం," అన్నారు. అప్పటిదాకా ఆమెకు కనిపించేది బూడిద రంగు, అంతే. రాత్రంతా పక్క గదిలో బాబాయి నిద్రపోతున్నట్టు నటించడం నాకు వినిపించేది.

తల ఎత్తి కూర్చోవచ్చన్న కొన్నాళ్ళకు, ఒక పొద్దున కాఫీ వేళ, "ఒరేయ్, గీత వచ్చింది," అని అరిచింది. పైన సన్నటి వెలుగు, దాని కింద అడ్డంగా ఒక గీత, గీత కింద ఊగే బూడిద రంగు. బుడగ కరిగే కొద్దీ అలాగే కనిపిస్తుందట. "కంట్లో సముద్రం ఉందిరా. తల ఊపితే అల కూడా వస్తోంది." అప్పట్నుంచి మా ఇంట్లో రోజూ ఆటుపోట్ల వార్తలే. ఎదురుగా బాబాయిని నిలబెట్టి నీటి మట్టం కొలిచేవాళ్ళం. మొదట ఆయన నెత్తి మీది నాలుగు వెంట్రుకలే పైకి తేలాయి. తర్వాత నుదురు, కొన్నాళ్ళకు ముక్కు. "నన్నెప్పుడు ఒడ్డుకేస్తవే?" అనేవాడు, లైబ్రరీకి ఆలస్యమవుతున్నా అటెన్షన్‌లో నిలబడి. గీతకు పైన ఉన్నదంతా నీళ్ళలోంచి చూసినట్టు మసకగా ఉందని ఆమె మాకు చెప్పలేదు. మాకు తెలిసినట్టు మేమూ చెప్పలేదు. చివరికి ఆ సముద్రం బఠాణీ గింజంతై ఒక ఉదయం మాయమైంది.

ఆ వారమే పిన్ని నా భుజం పట్టుకుని క్యాంపస్‌లో నడకకు వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది. "ఈ స్తంభాలకి నడుం నొప్పి వచ్చిందేంట్రా?" అంది. నవ్వబోయి ఆగాను. "తిన్నగానే ఉన్నాయి పిన్నీ." "అయితే నేనే," అంది. చూపు వచ్చింది, అదే గొప్ప, గీతలు కాస్త వంగే ఉంటాయి అన్నారు డాక్టరు. మళ్ళీ చుక్కలో మెరుపులో కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దన్నారు. గీత వంగిందంటే మా వృత్తిలో సగం పోయినట్టే. ఆ సగానికి నన్ను పెట్టుకుంది. "తిన్నగా ఉందా?" అని ఆమె అడగాలి, తాపీ మేస్త్రీ దారంలా నేను చెప్పాలి. నేను చదివిన ఎంఏకి ఉద్యోగం రాలేదు గానీ ఆ ప్రశ్నకు వచ్చింది. అలా డిజైనర్‌నయ్యాను. ఆ డిసెంబరు నక్షత్రానికి ఎంచిన రంగంటూ లేదు కదా, అందుకని పైన తెలుపు, కింద బూడిద, మధ్యలో వణికే గీతతో కట్టింది. చర్చి వాళ్ళు వచ్చి, "ఏంటమ్మా, సగం తడిసిందా?" అన్నారు. "గా నీళ్ళల్లనే నేను మునిగి తేలిన," అన్నాడు బాబాయి.

ఇప్పటికీ జనవరిలో సూర్యలంక వెళ్తాం. పిన్ని పెన్ను ముట్టదు, రంగు తనే ఎంచుతుంది. ఎంచాక సముద్రం చివరి గీతను చూపించి, "తిన్నగా ఉందా?" అంటుంది. "భూమి గుండ్రంగా ఉంటుంది పిన్నీ, నీకే సరిగ్గా కనిపిస్తోంది," అంటాను. ఏటా అదే జోకు, ఏటా అదే నవ్వు. నవ్వేటప్పుడు ఆమె కుడి కన్ను మూసి చూస్తుంది. నేను ఊపిరి బిగబడతాను. నా మొహం పూర్తిగా ఉందని ఆమె చెప్పేదాకా వదలను.

ఇవాళ నా లడ్డు మీది చుక్క ఎగిరి ఫిబ్రవరి మీద వాలింది. దోమ. దాన్ని కొట్టబోయి చెయ్యి దించేశాను. దోమను చూసి అంత సంతోషించిన మనిషి తార్నాక చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. పిన్నికి ఫోన్ చేసి చెప్తే, "బతికి పోనీరా," అంది. వెనకాల వెదురు బద్దలు చీల్చుతున్న చప్పుడు. కాలం గడిస్తే భయం పాతబడుతుందని పెద్దవాళ్ళంటారు. మా ఇంట్లో పాతబడలేదు. డిసెంబరు రాగానే కొత్త రంగు కాగితం చుట్టుకుని, లోపల దీపం పెట్టుకుని, బాల్కనీలో వేలాడుతూ ఉంటుంది.