ఎత్తు వైపు మట్టి

పీసా గోపురం బొమ్మ ఎక్కడ కనబడినా నాకు బాగేపల్లి బస్సే గుర్తొస్తుంది.

ఒక భారీ మనిషి, కుంటుతున్న భార్య భుజం పట్టుకుని ఆ బస్సెక్కాడు. ఇద్దరూ నా సీట్లోనే కూర్చున్నారు. నా ఫోన్‌లో వీడియో చూసి, "ఏందప్పా ఈ గోపురం, పడిపోతాండాదే?" అన్నాడు. ఒరిగింది కనుకే దేశదేశాల జనం చూడటానికి వస్తారన్నాను.

ఆయన భార్య వైపు తిరిగాడు. "వింటివా? నీ వంకర నడక చూసేకి ఎవురన్నా వస్తాండారా?"

ముందు సీటువాళ్ళు నవ్వారు. కాసేపటికి ఆమె నన్నడిగింది: "అది పడకుండా ఏం చేసిరప్పా? ఒరిగిన పక్క రాతికూసం ఆనిచ్చిరా?" మా వైపు గోడ ఒరిగితే అందరూ అలా రాతిస్తంభమే ఆనిస్తారు.

"లేదమ్మా. ఎత్తుగా ఉన్న వైపు, పునాది కింద మట్టి కొంచెం కొంచెంగా తీసేశారు."

"ఎత్తుగా ఉండే పక్కనా!" అంటూ మొగుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

పేరేసంద్రలో ఆమె ముందు దిగింది. ఆయన ఎక్కినప్పటిలాగే ఆమె భుజం కోసం చెయ్యి చాచాడు. ఆమె కొంచెం, చాలా కొంచెం, వెనక్కి జరిగింది. ఆయన ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని, మెట్టు మీద నుంచి బయటికి ఒరిగిపోయి "ఏమే! ఏమే!" అని అరిచాడు.

దేశదేశాల జనం ఆ గోపురాన్ని చూసినట్టు, ఆమె కింద నిలబడి, తలెత్తి, తీరిగ్గా చూసింది.