ఇంజను దగ్గు

మా అన్నయ్య పడవను కూడా బండి అనే అనేవాడు. ఏళ్ళ తరబడి మినీ లారీలో మిర్చి బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు తోలినవాడు, నడుము అరిగాక కొత్తపట్నం దగ్గర మా ఊరికి తిరిగొచ్చాడు. లారీ తుక్కుకు పోయింది గానీ దాని ఇంజనును మాత్రం పోనివ్వలేదు. విప్పించి తెచ్చి పడవలో బిగించుకున్నాడు. తీరం చేరాడే గానీ తీరిక చేరలేదాయనకు. తెల్లవారుతుండగానే మఫ్లరు చుట్టుకుని, బండి తీస్తున్నానని వదినకు చెప్పి బయల్దేరేవాడు.

ఆ ఇంజను లేవగానే కాసేపు గడగడా కొట్టుకునేది. తర్వాత సర్దుకుని మెత్తగా సాగేది. అన్నయ్యకూ పొద్దున లేవగానే అలాంటి దగ్గే. ఇద్దరిదీ ఒకటే జబ్బని వదిన నవ్వేది. ఆయన దగ్గు ఇంట్లో మొదలైతే, ఇంజను దగ్గు మా వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదలయ్యేది. పడవలు కట్టేది అక్కడే. ఆ రెండో దగ్గు వినపడ్డాకే ఆమె పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది. మనిషి నీళ్ళ మీదికి వెళ్ళాడని ఆమెకు అదే కబురు.

పోయినేడు అన్నయ్య దగ్గు ఒంగోలు ఆసుపత్రి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఇంజను దగ్గు మిగిలింది.

పడవను ఇప్పుడు వదిన తమ్ముడు నడుపుతున్నాడు. కొత్త ఇంజను వేద్దామని అతను, ఆయన ఇంజను తిరిగినన్నాళ్ళు తిరగాల్సిందేనని ఆమె. తుక్కు కొట్టు పేరెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది. చివరికి అతను నన్ను పక్కకు పిలిచాడు.

"పొద్దున్నే ఆ కొట్టుకోవడం ఆపకపోతే బేరింగులు పోతాయంట బావా. అప్పుడు అక్క వద్దన్నా తుక్కే. ఆయిలు ఫిల్టరు మారిస్తే తగ్గుద్దేమో. మీ పేటలో బళ్ళ సామాన్లన్నీ దొరుకుతాయి గదా, ఓసారి చూడు."

నేను చిలకలూరిపేటలో తెలుగు మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లలకు సంధులు విడదీయడం నేర్పాను గానీ, ఒక మర విప్పడం నాకెవరూ నేర్పలేదు. వడపోత గురించి నా పాండిత్యమంతా కాఫీ దగ్గరే ఆగిపోయింది. అయినా ఆ పాత ఫిల్టరును పేపర్లో చుట్టి గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కాను.

నంబరు చూసి అదే అడుగుదామంటే నంబరు కనపడదు. చేపల వేట నిషేధం రోజుల్లో పడవకు రంగు వేసినప్పుడల్లా అన్నయ్య మిగిలిన నీలం రంగును, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా, ఇంజనుకూ ఫిల్టరుకూ కూడా పూసేవాడు. బస్సులో కూర్చుని గోటితో గీకడం మొదలుపెట్టాను. ఒకచోట రంగు ఆరకముందే పట్టుకున్నాడేమో, బొటనవేలి ముద్ర పడి ఉంది. గీకడం మానేశాను.

హైవే పక్కన కొట్టాయన ఏ బండికని అడిగాడు. పడవకన్నాను. సముద్రం పేట దాకా వచ్చిందని తనకెవరూ చెప్పలేదన్నాడు. ఇంజను కథంతా చెప్పాక నవ్వు ఆపి, రబ్బరు రింగూ మరలూ కొలిచి చూసి, పై అరలోంచి అచ్చం అలాంటిదే తీశాడు. కవరులో వేయబోతూ ఆగాడు.

"నిలబెట్టారా, పడుకోబెట్టారా మాస్టారూ?"

ఒక్క క్షణం నాకు ఆసుపత్రి మంచమే కళ్ళ ముందుకొచ్చింది. తేరుకుని వదిన తమ్ముడికి ఫోన్ చేశాను. పడవలో చోటు చాలక అన్నయ్య ఫిల్టరును అడ్డంగా తిప్పి బిగించాడట.

"అదండీ సంగతి. నిలబెడితే ఇది చాలండి. పడుకోబెడితే రాత్రంతా ఆయిలు వెనక్కి కారిపోయి, పొద్దున్నే ఇంజను పొడి గొంతుతో లేచుద్ది. లోపల రబ్బరు వాల్వు ఉన్నది పట్టుకెళ్ళండి. అది ఆయిలును పోనివ్వదు."

తిరుగు బస్సులో ఆలోచిస్తే అర్థమైంది. ఫిల్టరును పడవ కోసం పక్కకు తిప్పినవాడు, కొనడం మాత్రం ఎప్పటిలా లారీ ఫిల్టరే కొంటూ వచ్చాడు. ఆయన లెక్కలో అది ఇంకా బండే. ఆ ఇంజనుకున్నది జబ్బు కాదు, దాహం. మా ఇంట్లో ఒక దగ్గుకైనా మందు దొరికిందని నేను సంతోషపడ్డాను కూడా.

ఆ సాయంత్రమే కొత్తది బిగించారు. నేను ఆ రాత్రి వదిన వాళ్ళింట్లోనే పడుకున్నాను. తెల్లవారుతుంటే వదిన టీ గిన్నె పట్టుకుని గడపలో కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. చాలాసేపు చూసి నన్నడిగింది.

"ఏమయ్యా మాస్టారూ, మావాడు ఇంకా బండి తీయలేదా?"

"తీశాడు వదినా. ఇసుకదిబ్బ మీంచి చూసొచ్చాను, మొగ దాటేశాడు."

"దగ్గలేదే."

ఆయిలూ వాల్వూ అంటూ నాకు అర్థమైనంత చెప్పాను. ఆమె అంతా విని, మంచిదే, నయమైంది అంది. గిన్నెను తీసుకెళ్ళి బోర్లించింది. ఆ పూట టీ పెట్టలేదు.

సాయంత్రం వదిన తమ్ముడు ఆమె ముఖం చూసి విషయం కనిపెట్టాడు. పాత నమూనాదే ఇంకోటి తెప్పించి బిగిస్తానని, కొన్నాళ్ళు దగ్గితే కొంపేం మునగదని అన్నాడు. వదిన ఆ నీలం ఫిల్టరును ఒళ్ళో పెట్టుకుని మడ్డి తుడుస్తోంది.

"వద్దురా. ఒకరు దగ్గి దగ్గి పోవడం చూశాం, చాలు. ఆ ఇంజన్నన్నా ఉండనీ."

ఇప్పుడామె రోజూ పొద్దున్నే ఇసుకదిబ్బ దాకా నడిచి వెళ్తోంది. చెవులు ఇంట్లో కూర్చుని చేసిన పనిని కళ్ళు చేయాలంటే అంత దూరం పోక తప్పదు. పడవ మొగ దాటాక తిరిగొచ్చి టీ పెడుతుంది. నేను వెళ్ళిన రోజుల్లో నాకూ ఒక గ్లాసు ఇస్తుంది.

మొన్న ఆ టీ పొలమారి దగ్గాను. వదిన చటుక్కున తల తిప్పి మొగ వైపు చూసింది.